సాయంత్రం బండి దగ్గర తిండి: మన కడుపుకూ, ఆ బండి నిలిచే జాగాకూ ఉన్న లంకె

పొద్దుగూకితే నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల గాలే మారిపోతుంది. మూకుట్లో మొదటి వాయి మిర్చీలు పడ్డ చప్పుడు, పక్క బండి మీద ఇనుప గరిటె కడాయిని గీకే చప్పుడు, పానీపూరి బండి ముందు గిన్నెలు పట్టుకుని వంతు కోసం చూసే పిల్లలు. ప్రకాశం బజార్‌లో కొనుక్కోవాల్సినవి కొనుక్కున్నవాళ్లు, బస్సు దిగి ఇంటికి పోయేవాళ్లు, పొద్దంతా పని చేసి అప్పుడే కూలి డబ్బులు చేతిలో పడ్డవాళ్లు, అందరూ ఓ పది నిమిషాలు అక్కడ ఆగుతారు. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరికి పోయినా, మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల బస్టాండ్ల దగ్గరికి పోయినా ఇంతే.

ఆ పది నిమిషాల్లోనే ఒక పాత అనుమానం కూడా మనతో నిలబడుతుంది. ఇక్కడ తినొచ్చా, తినకూడదా? దీనికి ఒక్కమాటలో జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కింద నాకు పచ్చకామెర్లు అయ్యాయి. మా వైపు పసిరికలు అంటారు. ఒళ్లు చెడడానికి రెండు రోజుల ముందే పానీపూరి తిన్నాను. తప్పు ఆ బండిదేనని ఇంట్లో అందరం తేల్చేశాం. చుట్టాలకూ పక్కింటివాళ్లకూ అక్కడికి పోవద్దని నేనే చెప్పాను. రక్తపరీక్షలో హెపటైటిస్-ఎ అని వచ్చాక డాక్టర్ అడిగింది వేరు: "నెల కింద ఎక్కడ తిన్నారు, ఏ నీళ్లు తాగారు?" ఆ రోజుల్లో నేను బండి వైపే పోలేదు. ఒక పెళ్లికి పోయి, డ్రమ్ములో మగ్గుతో ముంచి పోసిన నీళ్లు తాగాను. జబ్బు ఆ నీళ్లతోనే వచ్చిందని రుజువు లేదు. కానీ రెండు రోజుల కింద తిన్న పానీపూరితో మాత్రం రాలేదు. హెపటైటిస్-ఎ వైరస్ ఒంట్లో చేరాక 15 నుంచి 50 రోజులకు గానీ జబ్బు బయటపడదు. సగటున 28 రోజులు పడుతుంది.

ఈ లెక్క తెలియకపోవడం వల్ల మనం రోజూ తప్పు మనిషిని పట్టుకుంటున్నాం. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలైతే, తిండిలో అప్పటికే తయారై ఉన్న విషం పని అయి ఉండొచ్చు. మర్నాడో మూడోనాడో జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, సూక్ష్మజీవి కడుపులోకి పోయి పెరిగిందన్నమాట. టైఫాయిడ్ బయటపడడానికి మామూలుగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మనకు మాత్రం ఎప్పుడూ నిన్న రాత్రి తిన్నదే గుర్తుంటుంది. నిన్న రాత్రి రోడ్డు మీద తిని ఉంటే ఇక విచారణే ఉండదు.

అందుకే "బయటి తిండి" అని ఒకే మూట కట్టకుండా, ఏ బండి మీద ఏముందో విడివిడిగా చూడాలి. చూడాల్సినవి ముఖ్యంగా మూడు: ఎంత వేడి తగిలింది, వండాక ఎంతసేపు ఆగింది, ఏ నీళ్లు కలిశాయి.

మిర్చి బజ్జీనే తీసుకోండి. కాగిన నూనె 170, 180 డిగ్రీల దాకా ఉంటుంది. శనగపిండిలో ఉండే క్రిములు చాలావరకు ఆ వేడికి చస్తాయి. మూకుట్లోంచి జాలిగరిటెతో తీసి నేరుగా చేతికిచ్చిన మిర్చి, ఏసీ హాల్లో రెండు గంటల కింద వండి పెట్టిన చల్లటి గారె కంటే చాలా నయమని నా నమ్మకం. చిక్కంతా దాని పక్కన వడ్డించే చట్నీలో ఉంది. పల్లీ చట్నీ మధ్యాహ్నం రెండింటికి నూరుతారు. పచ్చినీళ్లు పోస్తారు. రాత్రి ఎనిమిదికి మనం తింటాం. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య క్రిములు పెరుగుతాయి. ఒంటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడు ఇంకా జోరుగా పెరుగుతాయి. అన్నీ కలిసొస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అంటే గంటలో ఒకటి ఎనిమిదవుతుంది, ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. చింతపండు ఎక్కువ వేస్తే ఆ పులుపు కొంత ఆపుతుంది. పలుచగా, తియ్యగా ఉండే చట్నీలో ఆ ఆపు కూడా ఉండదు. మిర్చిని చీల్చి అందులో ఉల్లిగడ్డ ముక్కలు, నిమ్మరసం కూరి ఇస్తారు కదా, అది నాకు ప్రాణం. ఆ ఉల్లిగడ్డ అప్పటికప్పుడు కోసిందైతేనే తీసుకుంటాను. పొద్దున కోసి బేసిన్‌లో పెట్టిందైతే ఒట్టి మిర్చీలే చాలంటాను.

ఫ్రైడ్ రైస్ సంగతి దీనికి తలకిందులు. పెద్ద మంట మీద కళ్లముందే చేస్తున్నాడు కదా, ఇంతకంటే వేడి ఏముంటుందని మనకు ధీమా. కానీ అందులో వేసే అన్నం మధ్యాహ్నమే వండింది. వేడన్నంతో చేస్తే ముద్దవుతుంది. ఆరిన అన్నమైతేనే పలుకు పలుకుగా వస్తుంది కాబట్టి ముందే వండక తప్పదు. బియ్యంలో మట్టి నుంచి వచ్చే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా ఒకటి ఉంటుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు. పెద్ద గిన్నెలో మూతపెట్టిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే ఆ బీజాలు మేలుకుని పెరిగి ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం ఎంత పెద్ద మంట పెట్టినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకునేది దానితోనే. వండిన అన్నాన్ని వెడల్పాటి తాంబాళంలో పలుచగా పరిచి తొందరగా చల్లార్చి, ఐస్ పెట్టెలోనో ఫ్రిజ్‌లోనో పెడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. చాలామంది బండివాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అడుగుతారు: మన తాతలు సద్దన్నం తినే బతికారు కదా, వాళ్లకేం కాలేదేం అని. సద్ది వేరు. రాత్రి అన్నంలో గంజో మజ్జిగో పోసి పులియనిచ్చేవాళ్లు. ఆ పులుపులో ఇలాంటి బ్యాక్టీరియా సులువుగా పెరగదు. పులుపేమీ లేకుండా వేడి పోనివ్వని గిన్నెలో మూసిపెట్టిన అన్నానికి సద్దికున్న రక్షణ లేదు. పాతవాళ్లు సైన్సు పేరు చెప్పకుండానే ఒక పద్ధతి పాటించారు. మనం పద్ధతి వదిలేసి పాత అన్నాన్ని మాత్రం ఉంచుకున్నాం.

అదే కడాయి దగ్గర అజినమోటో గురించి జనం పడే టెన్షన్ నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. మంచూరియాకు వేసే ఎర్ర రంగు గురించే అసలు పట్టించుకోవాలి. బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగును తిండిలో కలుపుతున్నారని తేలి కర్ణాటక 2024 మార్చిలో గోబీ మంచూరియాలో, పీచుమిఠాయిలో దాన్ని నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్ 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనీస్‌ను ఏడాది పాటు ఆపేసింది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది, మయోనీస్‌ను ఎక్కడా పొయ్యి మీద పెట్టరు.

పానీపూరిలో అంతా నీళ్లే. పూరీ నూనెలో వేగింది, ఆలుగడ్డ ఉడికింది, పానీకి మాత్రం మంట తగలదు. చింతపండు పులుపు కొన్ని క్రిములను అణుస్తుంది, అన్నిటినీ కాదు. అందులో వేసిన ఐసూ అంతే, గడ్డకట్టినంత మాత్రాన క్రిములు చావవు. పైగా చెయ్యి మణికట్టు దాకా ఆ కుండలో మునుగుతుంది. ఆ బండి మీద నేను మోపిన నింద తప్పు. అయినా పానీపూరి జాగ్రత్తగా తినాల్సిందే.

వీటన్నిటి మధ్యా నన్ను బాగా ఆపేది జొన్నరొట్టె బండి. పాలమూరు ఊళ్లలో ఇంటింటా తిన్న రొట్టె ఇది. బియ్యం సులువుగా దొరికాక పేదల తిండని కొన్నాళ్లు చిన్నచూపు చూశారు. షుగర్ వచ్చినవాళ్లు, రాత్రి తేలిగ్గా తినాలనుకున్నవాళ్లు ఇప్పుడు దాన్ని వెతుక్కుంటూ వస్తున్నారు. సాయంత్రం అయ్యేసరికి రోడ్డు పక్కన రెండు పొయ్యిలు పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుంటారు. వేడినీళ్లతో పిండి పిసికి, చేత్తోనే తట్టి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డ అద్ది, తిప్పి కాలుస్తారు. జొన్నపిండికి గోధుమ పిండికున్న సాగుడు గుణం లేదు. విరగకుండా గుండ్రంగా తట్టడం చిన్నప్పటి నుంచి చేసిన చేతికే వస్తుంది. ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఆ పనితనం బజారుకొచ్చాక బతుకుతెరువైంది. మన లెక్కలో చూసినా దీనికి మంచి మార్కులే పడతాయి. అడిగాక కాలుస్తారు, కాల్చగానే చేతికొస్తుంది, నీళ్లున్నా పెనం మీద ఆవిరైపోతాయి. తోడుగా వేసే తొక్కులో ఉప్పూ కారం పులుపూ దండిగా ఉంటాయి కాబట్టి అది తొందరగా చెడదు. పప్పు మాత్రం వేడిగా ఉందా లేదా చూసుకోవాలి.

నూనె గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని దెబ్బ కడుపుకు వెంటనే తెలియదు. మళ్లీ మళ్లీ కాచిన నూనె విరిగి, పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పేరుకుంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని దేశమంతటా 2018 జూలై 1 నుంచి నిబంధన ఉంది. కొలిచే మీటర్ మన దగ్గర ఉండదు. చూపుకు తెలిసే గుర్తులున్నాయి: నూనె నల్లబడి జిగటగా ఉండడం, అంచుల్లో నురగ ఆగకపోవడం, సరుకు వెయ్యకముందే పొగ లేవడం. నిన్నటి నూనెలో కొత్త ప్యాకెట్ పోసి నింపడం బండ్ల మీదే కాదు, చాలా హోటళ్లలోనూ ఉంది. హోటల్లో వంటగది గోడ వెనక ఉంటుంది. బండి మీద మూకుడు మన కళ్లెదుటే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో బండి మనకు చూసే అవకాశం ఇస్తోంది.

ఇక నీళ్లు. నల్లగొండ జిల్లాలో నీళ్ల మాట వస్తే ఎవరికైనా ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. మర్రిగూడ వైపు వంకరపోయిన ఎముకలతో బతికిన మనుషులను చూసిన జిల్లా ఇది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే ఉంది. అందుకని మన దగ్గర బోరు నీళ్లంటే భయం, క్యాన్ నీళ్లంటే భరోసా. కానీ ఫ్లోరైడ్ వేరు, క్రిములు వేరు. మరిగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిపోయి అది ఇంకా చిక్కబడుతుంది. అదే ఫిల్టర్ ప్లాంటులో ఫ్లోరైడ్ తీసేసిన నీళ్లను మూతలేని డ్రమ్ములో పోసి మగ్గు ముంచితే క్రిములు మళ్లీ చేరతాయి. ఎప్పుడో ఒకసారి తినే బండి దగ్గర నాకు రెండో సంగతే ముఖ్యం. క్యాన్‌కు కుళాయి ఉందా, మగ్గు ముంచుతున్నారా అన్నది చూస్తాను.

నాకు తెలిసిన మిర్చీల బండి అక్కను ఒకసారి అడిగాను, ప్లేటు మీద ఆ ప్లాస్టిక్ కవర్ ఎందుకు వేస్తావని. వేడి మిర్చీ, పలుచటి కవరు, చూస్తే నాకే బాధనిపించింది. ఆమె అంది: "ఎట్ల కడగాలె సారూ? రెండు బకెట్ల నీళ్లతోని రాత్రి పదింటిదాంక ఎన్ని ప్లేట్లు కడుగుత? కవర్ తీసి పడేస్తే ప్లేటు సాఫే ఉంటది." ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. ఆమెకు శుభ్రత పట్టింపు లేకపోవడం కాదు. నల్లా లేని చోట శుభ్రంగా ఉండడానికి ఆమె కనిపెట్టిన మార్గమే ఆ కవర్. అదే కవర్ రాత్రికి మోరీలోకి పోతుంది, మోరీ నిండుతుంది. దోమలు, ఈగలు మళ్లీ ఆ బండి చుట్టే ముసురుతాయి. బండ్ల వల్లే చెత్త అని తెల్లారి మున్సిపల్ వాళ్లకు ఫిర్యాదు పోతుంది. న్యూస్ పేపర్ ముక్కలో మిర్చీ కట్టివ్వడమూ ఇలాంటిదే. అచ్చు సిరా తిండికి అంటుతుందని, వద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. మన మోదుగాకు విస్తరి ముక్క ఈ రెంటికీ మంచి జవాబు. అయితే దాన్ని తెచ్చి బండికి అందించేవాళ్లు ఉండాలి.

"నల్లా దగ్గర బండి పెట్టుకోరాదా" అంటే ఆమె నవ్వింది. రేపు ఈ జాగాలో ఉంటానో లేదో తెలియని మనిషి ఏ నల్లా పెట్టించుకుంటుంది? ఏ చెత్తడబ్బా కొనుక్కుంటుంది? ట్రాఫిక్ అని ఒకరోజు లేపుతారు, పెద్దవాళ్లెవరో వస్తున్నారని ఇంకోరోజు. మూసిన షాపు ముందు నిలబడితే షాపాయన్ను మంచి చేసుకోవాలి. చేతిలో తోసుకుపోగలిగినంత సామానే పెట్టుకోవాలి. తోసుకుపోగలిగిన సామానులో కడుక్కునే తొట్టి ఉండదు, ఫ్రిజ్ ఉండదు. చట్నీలో క్రిమికీ, ఫుట్‌పాత్ మీద హక్కుకూ సంబంధం ఉందని నేననేది ఇందుకే.

ఆ హక్కు కాగితం మీద ఉంది. వీధిలో వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలో భాగమేనని, దానికి తగిన ఆంక్షలు పెట్టవచ్చని 1989లో సుప్రీంకోర్టు సోదన్ సింగ్ కేసులో చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. అదే ఏడాది మే 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. కనీసం ఐదేళ్లకోసారి వీధి వ్యాపారుల సర్వే చెయ్యాలి. పట్టణ జనాభాలో రెండున్నర శాతం మందికి మించకుండా చోటు కల్పించాలి. 2011 లెక్కల్లోనే నల్లగొండ జనాభా లక్ష దాటింది కాబట్టి, ఆ లెక్కనే చూసినా రెండున్నర వేల మందికి పైగా చోటు ఇచ్చే వీలుంది. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. ఆ తర్వాత లేపాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను స్వాధీనం చేసుకుంటే, పాడైపోయే సరుకును అడిగిన రోజే తిరిగివ్వాలి. ఎక్కడ బండ్లు ఉండాలో చెప్పే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్నవాళ్లు కావాలి, అందులో మూడోవంతు ఆడవాళ్లుండాలి. జనం ఏళ్లతరబడి తమంతట తామే కూడే అడ్డాలను సహజ మార్కెట్లుగా గుర్తించాలని కూడా ఆ చట్టం చెబుతుంది. సాయంత్రం గడియారం సెంటర్ అలాంటిది కాకపోతే ఇంకేది?

ఇంత మంచి చట్టం బండిదాకా రావాలంటే మధ్యలో సర్వే, కమిటీ, సర్టిఫికెట్ అనే మెట్లున్నాయి. ఏ మెట్టు ఆగినా బండి మళ్లీ గాలిలోనే ఉంటుంది. బండ్ల వల్ల నడిచేవాళ్లకు ఇబ్బంది లేదని నేననను. మా అమ్మను చెయ్యి పట్టుకుని ఆ సెంటర్ దాటిస్తున్నప్పుడు నాకూ విసుగొస్తుంది. అందుకే జాగా గీత గీసి ఇవ్వాలంటున్నాను. గీత ఉంటే ఇటు నడిచేవాళ్లకు దారి ఉంటుంది, అటు నల్లా వెయ్యడానికి ఒక చోటు ఉంటుంది.

డబ్బు సంగతీ ఇందులోనే ఉంది. పొద్దున సరుకు కొనడానికి చాలామంది రోజువారీ ఫైనాన్స్ మీద ఆధారపడతారు. పదివేలు రాసుకుని తొమ్మిదివేలు చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ అసలు మొదటి రోజు నుంచే తగ్గుతూ పోతుంది కాబట్టి, లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటిన వడ్డీ అవుతుంది. ఆ వంద ఏ రోజూ ఆగదు, వాన పడ్డ రోజు కూడా. అలాంటి రోజు మిగిలిన పిండినీ, చట్నీనీ, నూనెనూ పారెయ్యగల గుండె ఎవరికుంటుంది? 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి ఈ ఉచ్చు నుంచి బయటికి ఒక దారి. మొదట పదివేలు, సరిగ్గా కడితే 20 వేలు, ఆ తర్వాత 50 వేలు, వడ్డీలో 7 శాతం ప్రభుత్వమే భరిస్తుంది. 2025లో మొదటి రెండు విడతలను 15 వేలకు, 25 వేలకు పెంచారు. పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ మెప్మా వాళ్ల దగ్గర ఈ వివరాలు దొరుకుతాయి. మీకు రోజూ వడ్డించే అక్కకో అన్నకో ఇది తెలియకపోతే, మీరే చెప్పండి.

కామెర్లు తగ్గిన చాలా నెలలకు నేను ఆ పానీపూరి బండి దగ్గరికి మళ్లీ పోయాను. అతను గుర్తుపట్టి, "శానా రోజులాయె అన్నా" అన్నాడు. క్యాన్‌కు కుళాయి బిగించాడు. ఒక చేతికి గ్లౌజు వేసుకున్నాడు, డబ్బులు ఇంకో చేత్తో తీసుకుంటున్నాడు. నేను తింటుండగా గల్లాపెట్టెలోంచి లామినేషన్ చేసిన కార్డు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. వీధి వ్యాపారిగా గుర్తించి మున్సిపాలిటీ ఇచ్చిన కార్డు. "జర చదివి చెప్పన్నా, ఇది ఉంటే నన్ను ఈడికెల్లి లేపరు గదా?"

చేతులు తుడుచుకుని రెండు వైపులా చదివాను. పేరుంది, తండ్రి పేరుంది, ఫొటో ఉంది, చేసే వ్యాపారం రాసి ఉంది. జాగా ఎక్కడో రాయాల్సిన గీత మీద ఏమీ రాసి లేదు.